రూపాయికి ఎంతసేపు



ముస్తఫా అనగానే మీలో చాలామందికి 1996లో వచ్చిన ప్రేమదేశం సినిమా, అందులో రెహమాన్ కట్టిన స్నేహం పాట గుర్తుకొస్తాయి. ఆ సినిమా మా కాకినాడ వచ్చేసరికే మా ఈడు కుర్రాళ్ళకి ఇంకో ముస్తఫాతో గట్టి పరిచయం ఉంది. ఆ ముస్తఫా పసుపు టోపీ పెట్టుకునేవాడు. పరుగున వచ్చి గాల్లోకి లేచి ఒక్క తన్ను తన్నేవాడు. ఎదురుగా ఉన్న ముగ్గురూ వరసగా పడిపోయేవారు. రూపాయి బిళ్ళ వేస్తే వచ్చేవాడు, మేం బతికించుకోగలిగినంతసేపూ ఉండేవాడు.

ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. జపాన్‌లోని క్యాప్‌కామ్ కంపెనీ 1993లో విడుదల చేసింది. మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ గీసిన బొమ్మల కథలు దానికి ఆధారం. ఇవన్నీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిశాయి. ఆట పేరు తెరమీద ఇంతింత అక్షరాలతో పడుతూనే ఉండేది గానీ మాలో ఒక్కడూ చదివిన పాపాన పోలేదు. అందులో నలుగురు ఉంటారు. జాక్, హన్నా, ముస్తఫా, మెస్ అనే బట్టతల భీముడు. నలుగురిలో మాకు నచ్చినవాడి పేరే ఆటకి పెట్టేసుకున్నాం. తర్వాత ఉద్యోగంలో చేరాక కాన్పూరు వాణ్ణి అడిగితే వాళ్ళ ఊళ్ళోనూ ముస్తఫాయేనట. పూనా వాడూ అదే చెప్పాడు. ఫోన్లు సరిగ్గా లేని రోజుల్లో దేశమంతా పిల్లలు మాట్లాడుకున్నట్టు ఒకే పేరు ఎలా పెట్టుకున్నారో నాకు ఇప్పటికీ విడ్డూరమే.

ఈ పూట నేను చెప్పబోయేది ఆ ముస్తఫా ఉండే గదుల గురించి. అంటే మన ఊళ్ళలో తొంభైలలో వెలసి, పదేళ్ళు తిరక్కుండానే మాయమైన వీడియో గేమ్ షాపుల గురించి.

మా కాకినాడలో సినిమా రోడ్డులో ఒకటి, మసీదు సెంటరు దగ్గర సందులో ఒకటి, భానుగుడి వైపు ఒకటి, వంతెన దాటి జగన్నాథపురంలో ఇంకోటి, ఇలా మాకు తెలిసినవి కొన్ని ఉండేవి. సినిమా హాళ్ళ చుట్టుపక్కలే ఎక్కువ. టిక్కెట్టు దొరకనివాడూ, ఆట మొదలవడానికి ఇంకా అరగంట ఉన్నవాడూ లోపలికొస్తాడన్నది షాపువాళ్ళ లెక్క. షట్టరు సగం దించి ఉండేది. లోపల చీకటి. బయటి వెలుతురు తెరమీద పడితే బొమ్మ కనిపించదు కాబట్టి ఆ చీకటి అవసరమే. లోపల ఎవరెవరున్నారో రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళే మేష్టార్లకి కనిపించకపోవడం అదనపు సౌకర్యం.

మిషను అంటే మనిషెత్తు చెక్కపెట్టె. లోపల టీవీ గొట్టం, నడుం ఎత్తులో ఒక హ్యాండిలు, గుండ్రటి బటన్లు. ముస్తఫాకి రెండు బటన్లు చాలు, ఒకటి కొట్టడానికి, ఒకటి దూకడానికి. స్ట్రీట్ ఫైటర్ అనే ఇంకో ఆటకి ఆరు. హ్యాండిలు మీద ఉండాల్సిన ప్లాస్టిక్ గుండు ఎప్పుడో ఊడిపోయి, ఉత్త ఇనపకమ్మీ మిగిలి ఉండేది. వేసవి సెలవులయ్యేసరికి అరచేతిలో బొటనవేలి కింద కాయ కాసేది. ఆ కాయని బట్టి ఎవడు ఎంత డబ్బు తగలేశాడో మాకు తెలిసిపోయేది. ఇంట్లోవాళ్ళకి తెలియదు, అదే అదృష్టం.

షాపాయన చిన్న బల్ల దగ్గర కూర్చునేవాడు. రూపాయి ఇస్తే ఇత్తడి టోకెను ఇచ్చేవాడు. కొన్ని షాపుల్లో నేరుగా బిళ్ళే వెయ్యాలి. ఆయన్ని మేం అన్నయ్యా అనేవాళ్ళం, ఆయన మా అందర్నీ ఒరేయ్ అనేవాడు. ఆడనివాణ్ణి బయటికి పొమ్మనడం ఆయన హక్కు. ఆ హక్కు ఆయన ఎక్కువగా వాడేవాడు కాదు. ఎందుకంటే షాపులో పదిహేనుమంది ఉంటే ఆడేవాళ్ళు నలుగురో అయిదుగురో. మిగతావాళ్ళందరినీ పంపేస్తే షాపు బోసిపోతుంది, ఆడేవాడికి కూడా ఉత్సాహం ఉండదు. అందుకని వెనకాల నిలబడ్డవాళ్ళని ఆయన చూసీ చూడనట్టు వదిలేసేవాడు. నా చిన్నతనంలో నేను వీడియో గేమ్స్ ఆడానని అందరికీ గొప్పగా చెబుతుంటాను గానీ, నిజానికి ఆడిన దానికంటే నిలబడి చూసిందే ఎక్కువ. మా అందరిదీ అదే కథ. పాలపాకెట్టు తెచ్చినప్పుడు మిగిలిన చిల్లర, మేనమామ ఊరినుంచి వచ్చి వెళ్తూ చేతిలో పెట్టిన నోటు, ఇవే మా రాబడి. రూపాయి దొరకని రోజులే ఎక్కువ.

మరి ఆ నిలబడ్డంలో ఏముంది? ఇది చెప్పాలంటే ముందు ఆ మిషను ఎవరి పక్షమో చెప్పాలి.

1972లో అమెరికాలో అటారీ కంపెనీ వాళ్ళు పాంగ్ అనే ఆట తయారుచేసి, కాలిఫోర్నియాలోని సన్నీవేల్ ఊళ్ళో ఒక బారులో పెట్టారు. కొద్దిరోజులకే మిషను పాడైందని కబురొచ్చింది. దాన్ని తయారుచేసిన అలన్ ఆల్కార్న్ వెళ్ళి తెరిచి చూస్తే లోపల మిషను శుభ్రంగా ఉంది. చిల్లర పడే డబ్బా నిండిపోయి, కొత్త నాణెం దిగడానికి చోటు లేక ఆగిపోయింది. ఆ డబ్బా నిండటమే అప్పటినుంచి ఈ వ్యాపారానికి కొలబద్ద అయింది. బిళ్ళ వేసినవాడు త్వరగా ఓడిపోవాలి. అయితే మరీ త్వరగా ఓడితే కోపమొచ్చి వెళ్ళిపోతాడు. ఇంకొక్కసారి వేస్తే గెలిచేస్తాననిపించే చోట ఓడాలి. ఆ చోటు ఎక్కడుందో కనిపెట్టడమే ఆట తయారుచేసేవాళ్ళ విద్య.

ఒక్కోసారి ఆ విద్య వాళ్ళకి అనుకోకుండా కూడా దొరికింది. 1978లో తొమోహిరో నిషికాడో టైటో కంపెనీ కోసం చేసిన స్పేస్ ఇన్వేడర్స్ చూడండి. పైనుంచి వరసలు కట్టి దిగే శత్రువుల్ని మనం కాల్చేకొద్దీ మిగిలినవాళ్ళు జోరందుకుంటారు. గుండె దడదడలాడుతుంది. అది మొదట కావాలని పెట్టింది కాదు. అంతమందిని ఒకేసారి తెరమీద గీయడం ఆనాటి ప్రాసెసరుకి మోయలేని బరువు, అందుకని ఆట మెల్లగా నడిచేది. చచ్చేవాళ్ళు చచ్చాక బరువు తగ్గి వేగం పెరిగేది. నిషికాడో దాన్ని సరిచెయ్యకుండా అలాగే ఉంచేశాడు. తెలివైన పని.

పైగా షాపాయన చేతిలో కూడా కొన్ని కిటుకులు ఉండేవి. చాలా బోర్డుల మీద గోరంత మీటలు ఉంటాయి. వాటిని అటూ ఇటూ జరిపితే ఆట కష్టమవుతుంది, తేలికవుతుంది, మూడు లైఫుల చోట రెండే వస్తాయి. సంక్రాంతి మూడు రోజులూ ముస్తఫా దెబ్బకే చచ్చిపోతున్నాడని, అన్నయ్య రాత్రి షాపు కట్టేశాక లోపల ఏదో చేశాడని మా గట్టి అనుమానం. అడిగే ధైర్యం ఎవడికీ లేదు. పండగ డబ్బులు ఉన్న చేతులు వణుకుతాయి కాబట్టి త్వరగా చచ్చామేమో, అది కూడా కొట్టిపారెయ్యలేను.

అంచేత మిషనుకి కావలసింది మూడు నిమిషాల్లో మమ్మల్ని పంపెయ్యడం. మాకు కావలసింది ఒక్క రూపాయితో సాయంత్రం దాకా నిలబడటం. ఈ పోరులో మాకున్న బలమల్లా వెనకాల నిలబడ్డ జనం.

రూపాయి పెట్టి ఆడేవాడికి ఆలోచించే తీరిక ఉండదు. చూసేవాడికి బోలెడంత తీరిక. ఏ పీపా పగలగొడితే తినడానికి దొరుకుతుంది, ఏ గోడ పక్కన నిలబడితే వెనకనుంచి దెబ్బ తగలదు, మూడో స్టేజీలో కారు ఎక్కాక బైకులవాళ్ళని ఎటునుంచి గుద్దాలి, ఇవన్నీ చూసేవాళ్ళు కనిపెట్టినవే. రెండో స్టేజీ చివర రెండు చేతుల్లో కత్తులతో ఒక కసాయి వస్తాడు. వాడి దగ్గరే మా రూపాయలు చాలా పోయాయి. వాణ్ణి ఎలా కొట్టాలో మాకు చూపించినవాడు ఎప్పుడూ డబ్బుల్లేక నిలబడి చూసే ఒక సైకిలు షాపు కుర్రాడు. ఎదురుగా వెళ్ళకూడదు, వాడికి పైనో కిందో ఉండి, వాడు మన గీత మీదికి వచ్చే క్షణంలో దూకి తన్నాలి అని వాడు చెప్పాడు. చెప్పినట్టే చేస్తే కసాయి పడ్డాడు. ఆ రోజునుంచి ఆ కుర్రాడికి ప్రతివాడూ ఒక లైఫు ఇవ్వడం మొదలుపెట్టాడు. సలహాకి ఫీజు అన్నమాట.

లైఫు ఇవ్వడం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. మూడు లైఫుల్లో ఒకటి పోయాక హ్యాండిలు పక్కవాడికి ఇవ్వడం. "ఒరేయ్, ఒక్క లైఫు ఇవ్వరా, రేపు నీకు రెండిస్తాను" అనే మాట ఆ గదుల్లో ఎన్నిసార్లు వినపడేదో లెక్కలేదు. రూపాయి ఇద్దరు కలిసి వేసుకున్న సందర్భాల్లో ఇంకా విచిత్రమైన ఏర్పాటు ఉండేది. ఒకడు హ్యాండిలు పట్టుకుంటాడు, ఇంకొకడు బటన్లు నొక్కుతాడు. నడిచేది వాడు, కొట్టేది వీడు. ముస్తఫా చచ్చిపోతే తప్పు ఎవరిదన్న దానిమీద ఇంటిదాకా తగువు. అయితే ఒక్క మాట చెప్పాలి, నెలల తరబడి అలా ఆడిన జంటలు కొన్ని ఉండేవి, వాళ్ళు ఒంటరిగా ఆడేవాళ్ళకంటే బాగా ఆడేవారు. ఇద్దరి మధ్యా మాట ఉండేది కాదు, చూపు ఉండేది కాదు, అయినా దూకాల్సినప్పుడు దూకేవాడు ముస్తఫా.

స్ట్రీట్ ఫైటర్ దగ్గర మర్యాదలు వేరు. స్ట్రీట్ ఫైటర్ టూ 1991లో వచ్చింది, మా ఊరికి కాస్త ఆలస్యంగా. అందులో ఇద్దరు ఎదురెదురుగా తలపడతారు. ఓడినవాడు పక్కకి తప్పుకోవాలి, గెలిచినవాడు అదే రూపాయితో ఆడుతూ ఉంటాడు. ఆట జరుగుతుండగానే తర్వాతివాడు తన బిళ్ళని తెర కింద అంచుమీద పెట్టేవాడు. ఆ బిళ్ళ పెడితే వంతు వాడిదే. చుట్టూ ఎంతమంది ఉన్నా, వాళ్ళలో ఎంతమంది జేబులు ఖాళీగా ఉన్నా, అంచుమీది బిళ్ళని ఎవడూ ముట్టుకునేవాడు కాదు. కాలేజీ కుర్రాళ్ళు కూడా ఏడో తరగతివాడి బిళ్ళ తర్వాతే తమ బిళ్ళ పెట్టేవారు. మా ఊళ్ళో సినిమా హాలు బుకింగు దగ్గర కూడా ఆ క్రమశిక్షణ నేను చూళ్ళేదు.

చేతుల్లోంచి నీలం వెలుగు వదలడం ఎలాగన్నది స్ట్రీట్ ఫైటర్‌లో అసలు రహస్యం. హ్యాండిలు కిందికి నొక్కి, అక్కణ్ణించి ముందుకి పావు చుట్టు తిప్పి, అదే ఊపులో గుద్దు బటను నొక్కాలి. మిషను మీద ఎక్కడా రాసి ఉండదు. తెలిసినవాడు చెప్పడు, చెయ్యి అడ్డంపెట్టుకుని ఆడతాడు. దాన్ని జపాను భాషలో హడోకెన్ అంటారు. మా చెవులకి అది ఆడూకే అని వినపడింది, మేం ఆడూకే అనే అన్నాం. అందులో మన దేశం తరఫున ధాల్సిమ్ అని ఒక యోగి ఉండేవాడు. మెడలో పుర్రెలు, నోట్లోంచి మంట, రబ్బరులా సాగే చేతులు, వెనకాల ఏనుగులు. జపాను వాళ్ళకి మన యోగం అలా అర్థమైంది కాబోలు. దేశాభిమానం కొద్దీ వాణ్ణి ఎంచుకున్న ప్రతివాడూ అరనిమిషంలో ఓడిపోయేవాడు. వాడితో ఆడాలంటే చాలా ఓపిక, దూరాల లెక్క కావాలి. అది తెలిసిన ఒక్క పెద్దబ్బాయి రామారావుపేట నుంచి వచ్చేవాడు. అతను ధాల్సిమ్‌ని ఎంచుకుంటే మిగతా మిషన్లు ఖాళీ అయిపోయేవి, అందరూ ఇక్కడే.

ఇంకో తమాషా చెప్పాలి. మిషను పైన రంగుల బోర్డు మీద ఒక ఆట బొమ్మ, లోపల తెరమీద ఇంకో ఆట ఉండేది. విమానం బొమ్మ వేసిన పెట్టెలో ముస్తఫా, ముస్తఫా బొమ్మ ఉన్న పెట్టెలో ఫుట్‌బాలు. మోసం అనుకునేవాళ్ళం. ఎనభైల మధ్యలో జపాను ఆటల తయారీదారుల సంఘం జామా అనే ఒక పద్ధతి తెచ్చింది. ఆటలన్నిటి బోర్డులకీ ఒకే రకం యాభై ఆరు పిన్నుల కొస ఉండేటట్టు చేసింది. దాంతో పెట్టె మార్చక్కర్లేదు. పాత బోర్డు పీకి కొత్త బోర్డు గుచ్చితే కొత్త ఆట. మా అన్నయ్యలాంటి చిన్న షాపువాళ్ళు అన్నేళ్ళు బతికారంటే దానివల్లే. లోపల బోర్డు మార్చేవారు గానీ పైన బొమ్మకి మళ్ళీ డబ్బు ఎవరు పెడతారు?

ఆ బోర్డుల్లో నకిలీలు చాలా ఉండేవి. మా ఊరికొచ్చిన ఒక స్ట్రీట్ ఫైటర్‌లో ఆడూకేలు ఒకేసారి అయిదారు బయటికొచ్చి, వంకర్లు తిరుగుతూ శత్రువుని వెతుక్కుంటూ వెళ్ళేవి. గాల్లో ఉండగా మనిషే మారిపోయేవాడు. దూకింది ఒకడు, దిగింది ఇంకొకడు. మేం అదే అసలు ఆటేమోనని, ముందు చూసిందే పాతదేమోనని అనుకున్నాం. తర్వాత చదివితే తెలిసింది, ఆ నకిలీలు లోకమంతా తిరిగాయి. అమెరికాలో వాటి వేగానికి జనం అలవాటుపడటం చూసి క్యాప్‌కామ్ వాళ్ళే 1992 చివర్లో అసలు ఆట వేగం పెంచి కొత్తగా విడుదల చేశారు. దొంగసరుకుని చూసి అసలు యజమాని పాఠం నేర్చుకున్నాడు. మా అన్నయ్యకి ఈ సంగతి తెలిసి ఉంటే కాలరు ఎగరేసేవాడు.

ఇక పెద్దవాళ్ళ సంగతి. వాళ్ళకి ఆ గదులంటే భయం, చాలావరకు న్యాయమైన భయమే. చీకటి, సిగరెట్ల పొగ, బడి ఎగ్గొట్టిన పిల్లలు, ఇంట్లో డబ్బాలోంచి మాయమయ్యే చిల్లర. కొన్ని ఊళ్ళలో వీడియో గేమ్స్ పేరు పెట్టుకుని, లోపల అంకెల మీద పందెం కాసే మిషన్లు నడిపేవారు. మన రాష్ట్రంలో 1974 నుంచే జూద నిరోధక చట్టం ఉంది. 1995లో కర్ణాటకకి సంబంధించిన కేసులో, వీడియో గేమ్ పార్లర్లకి లైసెన్సు నిబంధనలు పెట్టడం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి కేసులన్నిట్లో కోర్టులు అడిగే ప్రశ్న ఒకటే. గెలుపు ఆడేవాడి నేర్పు మీద ఆధారపడిందా, అదృష్టం మీదా? అరవైల చివర్లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే కదా రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు అన్నది. నన్ను సాక్షిగా పిలిచి ఉంటే ముస్తఫా విషయంలో చెప్పడానికి నా దగ్గర గట్టి సాక్ష్యం ఉండేది. కొత్తవాడి రూపాయి మూడు నిమిషాలు. సైకిలు షాపు కుర్రాడి రూపాయి దాదాపు గంట. ఇంతకంటే నేర్పుకి రుజువు ఏం కావాలి? వాడు ఆడుతుంటే అన్నయ్య మొహం మాడిపోయేది పాపం. ఆ మిషను మీద గంటకి ఒక్క రూపాయి వస్తే అద్దె ఎలా కట్టాలి? అయినా వాణ్ణి దింపెయ్యలేదు ఎప్పుడూ. రూపాయి వేశాక చచ్చేదాకా వాడిదే మిషను అన్నది అన్నయ్య కూడా దాటని గీత.

ఆ గదుల గురించి తీపిగా మాట్లాడేటప్పుడు మావాళ్ళు ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. అక్కడ ఆడపిల్లలు ఉండేవారు కాదు. రాకూడదని ఎవరూ రాయలేదు, రాయాల్సిన అవసరం కూడా లేకపోయింది. మా చెల్లెలు నాకంటే రెండేళ్ళు చిన్నది. ముస్తఫా గురించి దానికి ప్రతి స్టేజీ తెలుసు, నేను రాత్రి పక్కమీద చెబితేనే తెలుసు. అది కళ్ళారా చూసింది వేసవిలో ఎగ్జిబిషన్ వచ్చినప్పుడు మాత్రమే. రంగులరాట్నం పక్కన రేకుల షెడ్డులో నాలుగు మిషన్లు పెట్టేవారు. మా నాన్నగారు చేతులు కట్టుకుని పక్కన నిలబడేవారు. ఆవిడగారు రూపాయి వేసి ఆడేది. వెనకనుంచి ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు. ఆడపిల్ల, పక్కన తండ్రి, ఎవడు నోరు తెరుస్తాడు? సలహా లేక రెండో స్టేజీలో చచ్చిపోయేది. నేనైనా చెప్పొచ్చు కదా అంటారేమో. నాన్నగారి ముందు నాకు అంత తెలుసని ఎలా బయటపడను?

1996 నవంబరు 6న మా జిల్లా మీద తుఫాను విరుచుకుపడింది. వెయ్యిమందికి పైగా పోయారు, వేటకెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరిచెట్లు లక్షలుగా కూలాయి. మా వీధిలో చాలా రోజులు కరెంటు లేదు. పెద్దవాళ్ళు బియ్యం, నీళ్ళు, బంధువుల కబుర్ల కోసం తిరుగుతుంటే, మమ్మల్ని అరుగు దిగొద్దని కూర్చోబెట్టారు. ఆ అరుగు మీద మేం ముస్తఫా ఆడాం. మిషను లేకుండానే. ఒకడు శత్రువులు ఎటునుంచి వస్తున్నారో చెబుతాడు, ఒకడు ఏం చేస్తాడో చెబుతాడు, మిగతావాళ్ళు తప్పా ఒప్పా తేలుస్తారు. "ఇప్పుడు డబ్బా పగిలింది, అందులో ఏముంది?" "బజూకా." "కాదు, అది పక్కది. ఇందులో మాంసం." ఇలా మొదటి మూడు స్టేజీలు తప్పు లేకుండా నడిపాం. మా చెల్లెలు ఆ అరుగు మీద కూర్చుని ఆడింది, కసాయిని దాటింది కూడా. వేసవిలో సలహా చెప్పేవాడు లేక చచ్చిపోయిన చోటు అది.

తుఫాను తర్వాత సందులో షాపు తెరుచుకోలేదు. నీళ్ళొచ్చి బోర్డులు పోయాయన్నారు. మిగిలినవాటిని ముంచింది మాత్రం తుఫాను కాదు, టీవీకి తగిలించుకునే గేమ్. ముందు చవకరకం చైనా పెట్టెలు, పచ్చ క్యాసెట్లో ఏదో లక్ష ఆటలున్నాయని రాసి ఉండి, తెరిస్తే అవే నాలుగు ఆటలు. ఆ తర్వాత ప్లేస్టేషన్. షాపులవాళ్ళు పెట్టెలు అమ్మేసి, రంగు టీవీలు, ప్లాస్టిక్ కుర్చీలు వేసి, గంటకి పది రూపాయలని బోర్డు పెట్టారు.

ఆ బోర్డుతో ఆట స్వభావమే మారిపోయిందని నా అభిప్రాయం. గంటకి డబ్బు కట్టినవాడు బాగా ఆడినా చెత్తగా ఆడినా గంటే. చచ్చిపోతే ఏమీ పోదు, మళ్ళీ మొదలుపెట్టుకుంటాడు. లైఫు ఇవ్వమని అడగడానికి లేదు, ఎందుకంటే లైఫుకి విలువ లేదు. అడిగితే టైము అడగాలి, తన డబ్బుతో కొన్న టైము ఎవడిస్తాడు? వెనకాల నిలబడేవాళ్ళూ తగ్గారు. కుర్చీల వెనక నిలబడితే తలలు అడ్డం, పైగా చూసి నేర్చుకున్నదాంతో మిగిలే రూపాయి ఏమీ లేదు. సైకిలు షాపు కుర్రాడు ఆ కొత్త షాపుల్లో నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు. వాడి నేర్పుకి అక్కడ మారకం లేదు మరి.

పాత ఆటలు మాత్రం చావలేదు. 1997లో నికోలా సాల్మోరియా అనే ఇటలీ అతను మేమ్ అనే ప్రోగ్రాము విడుదల చేశాడు. పాత బోర్డులు ఎలా పనిచేసేవో అలాగే కంప్యూటరులో పనిచేయించడం దాని పని. తర్వాత ఎందరో చెయ్యి వేశారు, వేల ఆటలు అందులో చేరాయి. పాత బోర్డులు తుప్పుపట్టిపోయినా ఆటలు మిగిలింది ఇలాంటి శ్రమ వల్లే. ఈ రోజు ముస్తఫాని ఫోనులో కూడా ఆడొచ్చు. రూపాయి వెయ్యడానికి తెరమీద ఒక బటను ఉంటుంది. ఎన్నిసార్లు నొక్కితే అన్ని రూపాయలు.

మొన్న దసరాకి చెల్లెలు పిల్లాడితో వచ్చింది. వచ్చిన రోజే ఫిర్యాదు. "ఆడితే ఆడాడు అనుకుందాం అన్నయ్యా, యూట్యూబులో ఎవడో ఆడుతుంటే వీడు గంటలకి గంటలు చూస్తాడేంటి? చూడ్డంలో ఏముంది?" నేను దాని మొహం చూశాను. అది కూడా నవ్వేసింది. మేనల్లుడికి ఫోనులో ముస్తఫా పెట్టిచ్చాను. వాడు రూపాయి బటను టకటకా నొక్కుకుంటూ, చచ్చినప్పుడల్లా లేస్తూ, భోజనాల వేళకి ఎనిమిది స్టేజీలూ పూర్తిచేసి ఫోను తిరిగిచ్చాడు. "అయిపోయింది మావయ్యా. ఏముంది ఇందులో?"

నిజమే, అలా ఆడితే ఏమీ లేదు. అందుకని మర్నాడు షరతు పెట్టాను. ఒక్కటే రూపాయి, అది అయిపోతే రేపే. ఫోను తీసుకెళ్ళి పెద్ద టీవీకి తగిలించాం. వాడు మొదటి స్టేజీలోనే రెండు లైఫులు పోగొట్టుకున్నాడు. మూడోదానితో కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడి, చెమటలు కక్కుతూ రెండో స్టేజీ చివరికి వచ్చాడు. కత్తులు తిప్పుకుంటూ కసాయి దిగాడు. మేనల్లుడి వెనకాల నేనూ, వాళ్ళమ్మా నిలబడి ఉన్నాం. ఎప్పుడు మొదలుపెట్టామో తెలీదు, ఇద్దరం అరుస్తున్నాం.

"అబ్బా, మీరిద్దరూ వెనకనుంచి చెప్పకండి, నన్ను ఆడనివ్వండి" అన్నాడు వాడు.

"ఎదురుగా వెళ్ళకురా, పైకి జరుగు, పైకి... ఇప్పుడు దూకు" అంటోంది మా చెల్లెలు.